నరసింహారెడ్డి దారా, గాడిచర్ల దారా: ఏది మేలు?

పరాయి పాలనపై పోరాటం అనగానే కర్నూలు ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరే ముందు వినిపిస్తుంది. 1883లో కర్నూలులోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గురించి అడిగితే చాలామంది తడుముకుంటారు. జనాన్ని కూడగట్టే నాయకత్వం విషయంలో నా మొగ్గు మాత్రం గాడిచర్ల వైపే.

నరసింహారెడ్డిని తక్కువ చేయడానికి మనసొప్పదు. స్థానిక పాలకులైన పాలెగాళ్ల అధికారాన్ని ఊడబెరికిన కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఆయనకు మిగిల్చింది నెలకు 11 రూపాయల చిల్లర భరణం. అది ఆయన ఒక్కరి కడుపుమంటే అయితే జనం కదిలేవారు కాదు. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడులు మాన్యాలు పోగొట్టుకుని రగిలిపోతున్నారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడికి బలం వారే. కానీ ఆ దండును నడపడానికి ఆయన తర్వాత మరొకరు లేరు. అక్టోబరులో ఆయన పట్టుబడగానే తిరుగుబాటు చల్లారింది. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసి, ఆయన తలను ఏళ్ల తరబడి అందరికీ కనబడేలా వేలాడదీశారు. ఆ ఒక్కరిని చూపి బెదిరిస్తే చాలని దొరలు లెక్క వేసుకున్నారు.

గాడిచర్ల బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాతలకు 1908లో రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. తర్వాత గ్రంథాలయోద్యమాన్ని, వయోజన విద్యను భుజాన వేసుకున్నారు. ఫలితం వెంటనే కనిపించని పని అది. అయినా అరుగు మీద ఒకరు పత్రిక చదువుతుంటే చుట్టూ చేరి వినేవారిలో నుంచే రేపటి కార్యకర్తలు వస్తారు.

జనాన్ని కూడగట్టే ఈ దారిలోనూ లోటు ఉంది: ఇక్కడా ఒక్కోసారి అంతా ఒక్కరి మాట మీదే ఆధారపడింది. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణా తగలబెట్టిన తర్వాత, గాంధీ వద్దన్నారని సహాయ నిరాకరణ ఆగిపోయింది. ఇరవై ఏళ్లకు సంగతి మారింది. 1942 ఆగస్టు 9న గాంధీతో సహా అగ్రనాయకులను నిర్బంధించినా, పేరు లేని కార్యకర్తలు క్విట్ ఇండియాను నెలల పాటు నడిపారు. 1846లో కరవైనది సరిగ్గా ఈ రెండో వరుసే.

ఒక్క విషయంలో నరసింహారెడ్డి తిరుగుబాటుదే పైచేయి. మాన్యం పోయిన కట్టుబడికి ఎందుకు తిరగబడాలో ఎవరూ చదివి వినిపించనక్కరలేదు. 1930లో ఉప్పు పన్నును ఎంచుకున్నప్పుడు గాంధీ పట్టుకున్నది ఇలాంటి బాధనే. సముద్రం లేని కర్నూలు, అనంతపురం పల్లెల్లోనూ ఆ పన్ను ప్రతి వంటింటికీ తెలుసు.