నల్లగొండలో రంగురొయ్యలు: బోర్డు లేని ఒక ఇంటి దుకాణంపై నా అభిప్రాయం

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక ఇంటి పై అంతస్తులో అక్వేరియం రొయ్యలను పెంచి అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. దానికి బోర్డు లేదు. చేపలు పెంచేవాళ్లు ఒకరి ద్వారా ఒకరు తెలుసుకొని అక్కడికి వెళ్తుంటారు. కొన్నేళ్లుగా నేను రొయ్యలను అక్కడే కొంటున్నాను. మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఎవరైనా మంచినీటి రంగురొయ్యలను పెంచి వాటి సంతతిని నిలబెట్టుకోవాలనుకుంటే, ముందుగా ఇక్కడికే వెళ్లమని నిస్సంకోచంగా చెబుతాను. రంగుల వైవిధ్యం కావాలంటే హైదరాబాద్‌లో ఇంతకన్నా ఎక్కువ దొరుకుతుంది. కానీ ఏ రంగును దేనితో కలపకూడదో, ఆ రొయ్య ఎలాంటి నీళ్లలో పుట్టి పెరిగిందో కొనేవారికి విడమరచి చెప్పి అమ్మేవాళ్లు చాలా తక్కువ. ఈ దుకాణం నడిపే ఆయన ఆ రెండూ చెప్పకుండా పొట్లం చేతికివ్వరు.

ఇక్కడ ప్రధానంగా దొరికేది నియోకారిడినా డేవిడి అనే జాతి. పాత పుస్తకాల్లో ఇదే నియోకారిడినా హెటెరోపోడా అనే పేరుతో కనిపిస్తుంది. తూర్పు ఆసియా వాగుల్లో సహజంగా బతికే ఈ రొయ్యకు అక్కడ చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు. మట్టి రంగు మచ్చలతో, సగం పారదర్శకంగా, ఆకుల మధ్య కంటికి ఆనకుండా ఉంటుంది. అంగట్లో చెర్రీ రెడ్, ఫైర్ రెడ్, బ్లడీ మేరీ, బ్లూ డ్రీమ్, ఎల్లో, ఆరెంజ్ సకురా, రిలీ అనే పేర్లతో మనం చూసేవన్నీ ఈ ఒక్క జాతిలోనే తరతరాలుగా ఏరి, వేరుచేసి, నిలబెట్టిన రంగులు. ఒకే జాతి కాబట్టి ఎరుపు, నీలం, పసుపు ఒకే తొట్టిలో వేస్తే అవి నిరభ్యంతరంగా జతకడతాయి. వాటి పిల్లల్లో చాలావరకు మళ్లీ ఆ మట్టి రంగుకే తిరిగిపోతాయి. చూడముచ్చటగా ఉంటుందని రంగుకు రెండేసి చొప్పున కలిపి పొట్లం కట్టించుకొనే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఈ దుకాణంలో ఆ పని చేయరు. ఎవరైనా అలా అడిగితే, ఒక్క రంగే తీసుకొమ్మని, లేదంటే రెండో తొట్టి పెట్టుకొమ్మని నచ్చజెబుతారు. చేతికొచ్చిన బేరాన్ని తగ్గించుకొని మరీ ఆ మాట చెప్పడం నాకు బాగా నచ్చింది.

ఎరుపులో గ్రేడ్ల పేర్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకుంటున్నారు కాబట్టి పేరును నమ్మి కొనడం కన్నా కాళ్లను చూసి కొనడం మేలు. మామూలు చెర్రీలో ఎరుపు పొరలు పొరలుగా, మధ్యమధ్య ఖాళీలతో ఉంటుంది. కాళ్లు దాదాపు పారదర్శకంగా కనిపిస్తాయి. సకురాలో ఒళ్లంతా రంగు పరుచుకున్నా కాళ్లలోనూ పొట్ట పక్కలా పలచబడుతుంది. ఫైర్ రెడ్‌లో కాళ్లకూ రంగు దిగుతుంది. పెయింటెడ్ ఫైర్ రెడ్ అనదగిన ఆడరొయ్యలో కాళ్ల గణుపుల దాకా రంగు చిక్కగా ఉండి, వెనుక నుంచి వెలుగు పడినా లోపలి అవయవాలు కనిపించవు. దుకాణదారు చిన్న గాజు పెట్టెలో రొయ్యను వేసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి, భూతద్దం మన చేతికే ఇస్తారు. నల్లటి ఇసుక పరచిన తొట్టిలో ముదురుగా కనిపించిన రొయ్య ఆ పెట్టెలోకి రాగానే ఒక మెట్టు కిందికి దిగినట్టు కనిపించవచ్చు. దాని అసలు రంగు అదేనని తెలుసుకోవాలి.

ఆడా మగా తేడా పోల్చుకోవడం కూడా నేను ఆ పెట్టెలో చూసే నేర్చుకున్నాను. ఆడది పెద్దగా, ముదురు రంగులో ఉంటుంది. దాని పొట్ట కింది అంచు గుడ్లను దాచుకోవడానికి వీలుగా కిందికి వంగి గుండ్రంగా ఉంటుంది. మగది సన్నగా, పాలిపోయినట్టు ఉండి, పొట్ట కింది గీత తోక వైపు తిన్నగా సాగుతుంది. ఈడుకొచ్చిన ఆడరొయ్యలో తల వెనుక, వీపు మీద, జీను వేసినట్టు పసుపుపచ్చగానో లేత ఆకుపచ్చగానో ఒక మచ్చ కనిపిస్తుంది. అవి ఇంకా పొట్ట కిందికి దిగని అండాలు. ఒళ్లంతా చిక్కటి ఎరుపున్న రొయ్యలో ఆ మచ్చ సరిగ్గా కనబడదు కాబట్టి పొట్ట ఆకారాన్నే నమ్ముకోవాలి. చాలా దుకాణాల్లో అందంగా ఉంటాయని పెద్ద ఆడవాటినే ఏరి ఇస్తారు; అటువంటి పొట్లంలో మగది ఒక్కటీ లేకపోతే గుడ్లెక్కడివి? ఇక్కడ పది అడిగితే సగం ఎదిగిన పిల్లల్నే ఇస్తారు. వయసు మీరిన ఆడదాని కన్నా రెండు నెలల పిల్ల కొత్త నీళ్లకు తొందరగా అలవాటు పడుతుందన్నది ఆయన వాదన. ఒకటి రెండేళ్లకు మించి బతకని ఈ జాతి విషయంలో ఆ వాదన సరైనదే.

జాతిని పోల్చుకోవడంలో మరో రెండు మాటలు చెప్పాలి. వేరే ఊరి దుకాణం ఒకటి గ్లాస్ ష్రింప్ అని నాకు అమ్మిన రొయ్యలు నిజానికి మన చెరువుల్లో, కాలువల్లో దొరికే మాక్రోబ్రాకియం జాతివి. రెండో జత కాళ్లు పొడవుగా సాగి చివర పట్టకారులాంటి కొండీలు ఉంటే అది మాక్రోబ్రాకియం. చిన్న రొయ్యలను, చేపపిల్లలను పట్టుకొని తింటుంది. నియోకారిడినాకు ముందరి కాళ్లు పొట్టిగా ఉండి, కొసల్లో నాచును గీకి తినడానికి పనికొచ్చే చిన్న కుచ్చులు ఉంటాయి. ఇక అమానో రొయ్య, అంటే కారిడినా మల్టిడెంటాటా, ఈ దుకాణంలోనూ దొరుకుతుంది. పారదర్శకమైన ఒంటి పక్కన వరుసగా చుక్కలో చిన్న గీతలో ఉండడం దాని గుర్తు. నాచును శుభ్రం చేయడంలో దానికి సాటి లేదు గాని, దాని లార్వాలు ఉప్పు కలిసిన నీళ్లలో తప్ప ఎదగవు. పిల్లలు కావాలని అడిగేవారికి ఈ సంగతి ముందే చెప్పి నియోకారిడినా వైపు పంపుతారు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన జిల్లాలో రొయ్యల పెంపకం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. రొయ్యలు పెంచేవారు దానితో పాటు కాఠిన్యాన్ని, కరిగిన లవణాలను కూడా చూసుకోవాలి. మా బోరులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు 900 దాకా చూపిస్తుంది. నియోకారిడినాకు 150 నుంచి 250 వరకు ఉంటే హాయి. కొంచెం ఎక్కువైనా సర్దుకుంటుంది. పీహెచ్ 6.5 నుంచి 8 లోపు, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే కాఠిన్యం) 6 నుంచి 8 వరకు ఉంటే చాలు. బోరు పనికిరాదని కొందరు పూర్తిగా ఆర్వో క్యాన్ నీళ్లే పోస్తారు. అదీ ప్రమాదమే. పైపెంకు విడిచిన ప్రతిసారీ కొత్త పెంకు గట్టిపడటానికి రొయ్యకు కాల్షియం, మెగ్నీషియం అవసరం; ఆర్వో నీళ్లలో అవి దాదాపు ఉండవు. పాత పెంకును పూర్తిగా విడవలేక, తలకూ మొండేనికీ మధ్య తెల్లటి ఉంగరంలా చీలిక ఏర్పడి చచ్చిపోయే రొయ్యలు ఇలాంటి తొట్లలోనే ఎక్కువ. నీటిని ఒక్కసారిగా ఎక్కువ మొత్తంలో మార్చినా అదే జరుగుతుంది.

ఈ దుకాణంలో మూడు పాళ్లు ఆర్వో, ఒక పాలు బోరు నీళ్లు కలిపి వాడతారు. 900 టీడీఎస్ ఉన్న బోరు, 50 ఉన్న ఆర్వో అనుకుంటే ఆ కలయిక సుమారు 260 దగ్గర తేలుతుంది. అయితే టీడీఎస్ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఉప్పు ఎక్కువైనా మీటరు అదే అంకె చూపిస్తుంది. అందుకే ఆయన చుక్కల కిట్‌తో జీహెచ్, కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) కూడా కొలిచి, ఆ వారం అంకెలను ఒక చీటీ మీద రాసి పొట్లానికి అంటిస్తారు. ఆ చీటీ రొయ్యల కన్నా విలువైనది. ఇంటికెళ్లి మన తొట్టిలోని అంకెలతో సరిపోల్చుకొని, తేడా ఎంత ఉంటే అంత నెమ్మదిగా, సన్నటి గొట్టం నుంచి చుక్క చుక్కగా నీళ్లు దించి అలవాటు చేయవచ్చు. ఇంటింటికీ వచ్చే మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వాడేవారు క్లోరిన్‌ను మరవకూడదు. ఒక రోజు గాలిమోటరు పెట్టి ఉంచడమో, క్లోరిన్‌ను విరిచే మందు వేయడమో చేయాలి. రాగి కలిసిన చేపల మందులు మాత్రం ఆ ఛాయలకు కూడా రానీయకూడదు. చేపకు మందైన మోతాదే రొయ్యలను చంపేస్తుంది.

అక్కడి నుంచి తెచ్చిన పసుపు రొయ్యలు మా తొట్టిలో పిల్లలు పెట్టాయి కాబట్టి ఆ తీరు కూడా చెప్పగలను. ఆడది పెంకు విడిచిన రోజున మగవన్నీ తొట్టంతా పిచ్చిపట్టినట్టు ఈదుతాయి. జతకట్టాక వీపు మీది అండాలు పొట్ట కిందికి దిగుతాయి. సాధారణంగా ఇరవై ముప్పై ఉంటాయి. తల్లి పొట్ట కింది ఈత కాళ్లతో వాటిని ఎడతెగకుండా విసురుతూ, అప్పుడప్పుడు ఒక్కో గుడ్డును వెనుక కాలితో తిప్పుతూ శుభ్రం చేస్తుంది. భూతద్దంలోంచి చూస్తే చివరి రోజుల్లో గుడ్డులోపల రెండు నల్లటి కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. వేడిని బట్టి మూడు నాలుగు వారాల్లో పొదిగి, లార్వా దశ లేకుండా, తల్లికి అచ్చు నమూనాలైన రెండు మిల్లీమీటర్ల పిల్లలు బయటకు వస్తాయి. వాటిని లాగేసుకోని స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి గుబురుగా జావా మాస్ అనే నీటిమొక్క, మేయడానికి నాచు పట్టిన పాత తొట్టి ఉంటే చాలు. దుకాణంలో ఎండిన నాటు బాదం ఆకులు ఉచితంగానే ఇస్తారు. ఆకు కుళ్లుతున్నకొద్దీ దాని మీద పెరిగే సూక్ష్మజీవులు పిల్లలకు మంచి మేత. కొత్తగా నీళ్లు నింపిన తొట్టి ఉందంటే మాత్రం నెల రోజులాగి రమ్మంటారు. రొయ్యలకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రాకుండా రొయ్యలను దించడం వృథా.

లోపాలు లేకపోలేదు. నీలం తొట్టి నాకు సంతృప్తినివ్వలేదు. పైకి ఒకేలా కనిపించే నీలాలు వేర్వేరు వంశాల నుంచి వచ్చి ఉండవచ్చు; ఇక్కడ రెండు చోట్ల నుంచి తెచ్చిన నీలాలను ఒకే తొట్టిలో వేశారు. పిల్లల్లో గోధుమ రంగువి కనిపించడానికి కారణం అదేనని నా అనుమానం. వాటిని ఎప్పటికప్పుడు ఏరివేయడంలోనూ శ్రద్ధ తక్కువగా ఉంది. ఎరుపు, పసుపు తొట్లలో ఉన్నంత క్రమశిక్షణ అక్కడ కూడా వచ్చేదాకా నీలం కొనవద్దంటాను. తొట్లకు పేర్లూ తేదీలూ అంటించకపోవడం మరో లోటు; ఆయన లేనప్పుడు అమ్మకానికి కూర్చునే కుర్రవాడికి ఏ తొట్టి ఏ వంశమో తెలియదు.

ఒకసారి రెండు రొయ్యల ముక్కు కొసన తెల్లటి సన్నని పోగులు కదులుతూ కనిపించాయి. అది స్కుటారియెల్లా అనే చిన్న పురుగు. ఉప్పు నీళ్లలో కొద్దిసేపు ముంచితే రాలిపోతుంది. చెప్పగానే ఆయన ఒప్పుకొని ఆ తొట్టి అమ్మకం ఆపేశారు. అయినా కొనేవారు ముక్కు కొసనూ పొట్ట కిందనూ చూసుకొనే తీసుకోవాలి. పొట్ట కింద గుడ్లలా భ్రమింపజేసే ఆకుపచ్చని కుచ్చు కనిపిస్తే ఆ తొట్టిలోంచి ఏదీ కొనకూడదు.

ఎరుపు తెలుపు పట్టీల క్రిస్టల్ రెడ్ కూడా ఒక తొట్టిలో ఉంది. 1990ల తొలినాళ్లలో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారు బీ ష్రింప్ అనే పట్టీల రొయ్యలో తలెత్తిన ఎరుపు రకాన్ని ఏరి నిలబెట్టిన వంశమిది. దీనికి 6 చుట్టుపక్కల పీహెచ్, దాదాపు సున్నా కేహెచ్, ఆర్వో నీళ్లలో కొలిచి కలిపే లవణాలు, ఆమ్లగుణం నిలబెట్టే ప్రత్యేకమైన మట్టి, 24 డిగ్రీలు దాటని చల్లదనం కావాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ లేని ఇంట్లో మన ఎండలకు ఇది నిలవదు. ధర చెర్రీకి ఎన్నో రెట్లు. ఈ ఒక్క రకం విషయంలో అమ్మేటప్పుడు ఆయన ఇంకొంచెం గట్టిగా హెచ్చరించాలి.

చెర్రీ, పసుపు రొయ్యల ధర హైదరాబాద్‌తో దాదాపు సమానం. దారిఖర్చు, దారిలో చచ్చేవాటి నష్టం కలుపుకుంటే ఇక్కడే చవక. పొట్లంలో కొంచెం మాస్ వేసి, సగానికి పైగా గాలి నింపి, చుట్టూ పాత పేపరు చుట్టి ఇస్తారు. మహబూబ్‌నగర్ దాకా బస్సులో తీసుకెళ్లినా తట్టుకున్నాయని అక్కడి మిత్రులు చెప్పారు. 42 డిగ్రీలు దాటే మే నెలలో మాత్రం ఆయన అమ్మకాలు ఆపేసి, తొట్ల మూతలు తీసి నీటి మీదికి ఫ్యాన్లు తిప్పుకుంటారు. కాబట్టి కొనదలచినవారు చలికాలంలోనే వెళ్లడం మంచిది. వెళ్లేటప్పుడు మీ తొట్టి నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టుకెళ్తే అక్కడే కొలిచి, ఏ రంగు తొట్టిలోని రొయ్యలు మీ నీళ్లకు దగ్గరగా ఉన్నాయో చెబుతారు.