కోళ్ళ మూలికల పొడి: సొన రంగుకి సరే, పెంకుకి కాదు

పర్లాకిమిడిలో దాణా అమ్మే కొట్లో ఈ కిలో ప్యాకెట్ తీసుకున్నాను. మునగాకు, పసుపు, వెల్లుల్లి, మెంతులు, వాము, బంతిపూల రేకులు ఉన్నాయట. ఏది ఎంత శాతమో మాత్రం ప్యాకెట్ మీద ఎక్కడా లేదు, ఒడియాలో ‘గుడ్లు రెట్టింపు’ అని మాత్రం ఇంతింత అక్షరాలు. కొట్టాయన తెలుగాయనే, అడిగితే "వాడి చూడండి బాబూ, మీకే తెలుస్తాది" అన్నాడు.

రెట్టింపు మాట వదిలేయండి. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికే 24 గంటలు దాటుతుంది, బాగా పెడుతున్న పెట్ట చేత ఏ పొడి అయినా రోజుకి రెండు పెట్టించలేదు.

బాగున్నది సొన రంగు. మా పెరట్లో గ్రామప్రియ పెట్టలకి నూకలు, తవుడే ఎక్కువ, మొక్కజొన్న తక్కువ, అందుకే సొన పాలిపోయి ఉండేది. పొడి అలవాటయ్యాక పాత గుడ్డూ కొత్త గుడ్డూ ఒకే స్టీలు పళ్ళెంలో కొట్టి చూస్తే ఒకటి నిమ్మపండు రంగు, ఇంకోటి ముదురు పసుపు. గుడ్లు తీసుకునే టిఫిన్ సెంటరాయన కూడా మేం చెప్పకుండానే పట్టేశాడు. ఇది బంతి, మునగాకుల్లోని పసుపు పదార్థం పని, రంగు వచ్చిందని బలం కూడా అంతే పెరిగిందని కాదు. రెట్టలు కూడా గట్టిపడ్డాయి గానీ అప్పుడే వానలు తగ్గి షెడ్డులో నేల ఆరింది, కాబట్టి ఆ మార్కులు పొడికే వేయలేను.

విసుగు పుట్టించేది కలపడం. పొడి మరీ మెత్తగా ఉంది, పొడి దాణాలో కలిపితే కోళ్ళు గింజలేరుకుని తినేసి దీన్ని తొట్టి అడుగునే వదిలేస్తాయి. కాసిని నీళ్ళు చిలకరించి ముద్దగా చేస్తే తింటాయి, కానీ ఆ పూటకి సరిపడానే కలపాలి, మిగిలితే బూజు పడుతుంది.

పెంకు సంగతికొస్తే, తోలుగుడ్లు (పెంకు గట్టిపడని మెత్తటి గుడ్లు) ఆగుతాయని ప్యాకెట్ మీద రాశారు, ఆగలేదు. ఒక్క పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి, అది ఆకుల పొడిలో ఎక్కడినుంచి వస్తుంది? నత్తగుల్లలు పలుకులుగా కొట్టి సాయంత్రం వేరే చిప్పలో పెట్టాక తగ్గాయి. పెంకు ఎక్కువగా రాత్రిళ్ళే తయారవుతుంది, పలుకులు నెమ్మదిగా కరుగుతూ తెల్లారేదాకా అందుతాయి. ఎండాకాలంలో కోడి నోరు తెరిచి రొప్పుతుంటే ఆ రొప్పడం వల్ల పెంకుకి కావలసిన కార్బొనేటు తగ్గిపోతుంది, అప్పుడు కావలసింది చల్లటి నీళ్ళు, నీడ. చలికాలంలో గుడ్లు తగ్గేది పొద్దు తగ్గినందుకు, రోజుకి 16 గంటల వెలుగు వచ్చేలా ఒక బల్బు వేస్తే ఈ ప్యాకెట్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో మాట, వెనక వైపు ‘అన్ని రోగాలకీ’ అని కూడా ఉంది. అది నమ్మి కొక్కెర తెగులు టీకా మానేయకండి, ఆ తెగులొస్తే మందులేదు, షెడ్డు ఖాళీ అయిపోతుంది.

మళ్ళీ కొంటానా అంటే, పెరట్లో మునగచెట్టు లేనివాళ్ళయితే కొనొచ్చు. మా ఇంట్లో ఉంది, ఆకు నీడలో ఆరబెట్టి దంచి, చిటికెడు పసుపు కలిపి వేస్తున్నాం, సొన రంగు అలాగే వస్తోంది. ఐదుకి మూడు చుక్కలు, అవీ సొనకే.