కన్నౌజ్ పన్నీరు బట్టీల దగ్గర ఒక రాత్రి, ఒక ఉదయం

పెళ్లికి వచ్చినవారిపై వెండి బుడ్డితో చల్లే పన్నీరు ఎలా తయారవుతుందో చూడాలన్న కోరికతో, మార్చి నెలాఖరున మేమిద్దరం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్లాము. హైదరాబాదు నుంచి లక్నోకు విమానంలో, అక్కడి నుంచి ఆగ్రా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. రోడ్డు గురించి చెప్పడానికేమీ లేదు; బాగుంది.

బస విషయంలో మాత్రం ఆలోచించుకోవాలి. లక్నోలోనో కాన్పూరులోనో మంచి హోటల్లో దిగి, పగటిపూట వచ్చి పోవచ్చునని చాలామంది సలహా ఇచ్చారు. అలా వస్తే దుకాణాలే కనిపిస్తాయి. తెల్లవారకముందే కోసిన గులాబీలు ఎండ ముదరకముందే బట్టీకి చేరతాయి కాబట్టి, పని చూడాలంటే రాత్రి ఊళ్లోనే ఉండాలి. మేము దిగిన లాడ్జిలో వేడినీళ్లు అడిగిన గంటకు వచ్చాయి, దోమతెర అసలు రాలేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

బట్టీ దగ్గర మా కళ్లముందే పెద్ద రాగి డేగ్‌లో, అంటే మన డేగిశాకు పెద్దన్నలాంటి పాత్రలో, పూలూ నీళ్లూ పోసి మూత పెట్టి, అంచు చుట్టూ దూది కలిపిన మట్టి మెత్తారు. తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరి వెళ్లి, నీళ్లతొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి బుడ్డిలో చల్లబడి పన్నీరవుతుంది. అత్తరుకైతే ఆ భప్కాలో ముందే చందన తైలం ఉంచుతారు. పన్నీరుకు ఏమీ వేయరు. అక్కడ థర్మామీటరు కనిపించలేదు. పెద్దాయన నీళ్లలో చేయి పెట్టి భప్కాను తడిమి చూసి, మంట తగ్గించమని కనుసైగ చేసేవాడు.

కొనేటప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “తినడానికా, చల్లడానికా?” దుకాణాల్లో చవకగా దొరికేవాటిలో నీళ్లలో కృత్రిమ సువాసన కలిపినవీ ఉంటాయి, వాటిని వంటలో వాడకూడదు. మేము బట్టీలో తీసినదే కొన్నాము. ఇంట్లో అందులో కొంత శివాభిషేకానికి పోయింది, కొంత డబుల్ కా మీఠాలో పడింది. పొయ్యి మీంచి దించాకే కలపాలి, మరుగుతుండగా పోస్తే వాసన ఆవిరైపోతుంది. దర్గాలకు పంపే సీసాలు కూడా అదే బట్టీలో వరుసగా పేర్చి ఉన్నాయి.

ప్యాకింగు విషయంలో మాత్రం ఫిర్యాదు ఉంది. పల్చటి ప్లాస్టిక్ సీసా మూత విమానంలో కారి, మూడోవంతు పన్నీరు నా రెండు పట్టుచీరలకే అభిషేకమైంది. బిరడా గట్టిగా ఉన్న గాజుసీసా అడిగి తీసుకోండి.