బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు: ఆరేళ్ల తర్వాత నా అభిప్రాయం

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు చదివి బయటికొచ్చి ఆరేళ్లయింది. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఆ చదువు ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ రాలేదో తెలిశాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. మొదటి ఏడాది పేపర్లు చాలావరకు ఇంటర్‌కి కొనసాగింపే. అసలు చదువు రియల్ అనాలిసిస్‌తో (లిమిట్లు, అంతులేని కూడికల వంటివాటిని రుజువులతో చదివే పేపర్) మొదలైంది.

ఆ పేపర్ నన్ను ఏడిపించింది. ఇంటర్‌లో లెక్క చేసి జవాబు రాబడితే మార్కులు పడేవి. ఇక్కడ జవాబు ముందే చెప్పి, అది ఎందుకు నిజమో చూపించమంటారు. 1 + 1/2 + 1/3 + 1/4 అంటూ కూడుకుంటూ పోతే, కలిపే సంఖ్య సున్నాకి దగ్గరవుతున్నా మొత్తం ఏ హద్దు దగ్గరా ఆగదని మా సార్ చూపించిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మొదటి రెండు పదాలు వదిలేసి, మిగతావాటిని 2, 4, 8 చొప్పున గుంపులు కట్టారు. ప్రతి గుంపు మొత్తమూ అర (1/2) కంటే తగ్గదు. అరలు వస్తూనే ఉంటాయి కాబట్టి మొత్తం పెరుగుతూనే ఉంటుంది. రుజువు అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది.

నాది ఇంటర్ వరకు తెలుగు మీడియం. లిమిట్ అంటే బుర్రకెక్కనిది 'అవధి' అనుకుంటే ఎక్కేది. తెలుగు అకాడమీ పుస్తకాలు పక్కన పెట్టుకుని ఆల్జీబ్రాలో వచ్చే గ్రూపుని సమూహమనీ, రింగుని వలయమనీ చదువుకున్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ పుస్తకాలు వదలకండి.

లీనియర్ ఆల్జీబ్రా (మాత్రికల గణితం) నా దృష్టిలో మొత్తం డిగ్రీలోనే మంచి పేపర్. కానీ మా సిలబస్‌లో అది ఐదో సెమిస్టర్‌లో వచ్చింది. స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ (ఒక విలువను బట్టి ఇంకోదాన్ని అంచనా వేసే పద్ధతి) అప్పటికే అయిపోయింది. మాత్రికల భాష ముందే వచ్చి ఉంటే ఆ పేజీలకొద్దీ సూత్రాలు నాలుగు లైన్లలో తేలేవి. సుమారు జవాబులు లెక్కగట్టే న్యూమరికల్ అనాలిసిస్‌కి భయపడనక్కర్లేదు. క్యాలిక్యులేటర్ మీద చెయ్యి తిరిగితే చాలు.

నమూనా చూసి మొత్తం గురించి అంచనా కట్టే స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్‌లో క్రామర్-రావు అసమానత వస్తుంది. పక్షపాతం లేని (సగటున అసలు విలువనే ఇచ్చే) ఏ అంచనా తీసుకున్నా, దాని వేరియన్స్ (అంచనా ఎంత చెదురుతుందో చెప్పే కొలత) ఒక హద్దు కంటే కిందికి దిగదని అది చెబుతుంది. ఆ రావు మన సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి కలకత్తా వెళ్లి, 1945లో ఆ ఫలితం ప్రచురించారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మాకు మాత్రం క్లాసులో ఆ పేరు ఒక ఇంపార్టెంట్ క్వశ్చన్‌గానే పరిచయమైంది. రుజువు బట్టీ పట్టి, రాసి, మర్చిపోయాం. ఈ విషయంలో బాధ నాకు ఇంకా పోలేదు.

ఇక ప్రాక్టికల్స్. అప్పట్లో ఎంత విసుక్కున్నానో, ఈ రోజు వాటినే అంత తలుచుకుంటున్నాను. ఐదు వరుసలు, ఐదు నిలువుల లాటిన్ స్క్వేర్ (పోల్చే ప్రతి ట్రీట్‌మెంటూ ఒక్కో వరుసలో, ఒక్కో నిలువులో ఒకేసారి వచ్చే ప్రయోగం) లెక్క చేత్తో వేయడానికి ఒక మధ్యాహ్నం పట్టేది. మొత్తం 24 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో (స్వేచ్ఛగా మారగల విలువల లెక్క) వరుసలకు 4, నిలువులకు 4, ట్రీట్‌మెంట్లకు 4 పోను ఎర్రర్‌కి (వీటితో తేలని తేడాలకు) 12 మిగలాలి. మిగలకపోతే మళ్లీ మొదటికి. ఆ లెక్క చేసినవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే టేబుల్‌లో ప్రతి గడీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. కంట్రోల్ చార్టులు (తయారీ అదుపులో ఉందో లేదో చూపే గ్రాఫులు) కూడా గ్రాఫ్ పేపర్ మీదే గీశాం. ఐదేసి నమూనాలు తీసి, సగటుకి అటూ ఇటూ సగటు రేంజ్‌కి (ఒక్కో నమూనాల జట్టులో పెద్ద, చిన్న విలువల తేడాల సగటుకి) 0.577 రెట్ల దూరంలో గీతలు. అమెరికా ఇంజనీరు షూహార్ట్ 1924లో మొదలుపెట్టిన ఆ పద్ధతితోనే నేనిప్పుడు మాత్రల బరువు చూస్తున్నాను. చుక్కలన్నీ గీతల లోపలే ఉన్నా, వరుసగా ఒకవైపే పడుతుంటే మిషన్ ఆపించి చూడమని చెప్పగలుగుతున్నానంటే ఆ ప్రాక్టికల్స్ రాసుకున్న రికార్డు పుస్తకం వల్లే.

వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ నన్ను అడిగారు: "95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటే ఏంటమ్మా?" అసలు విలువ ఆ రెండు సంఖ్యల మధ్య ఉండే అవకాశం 95 శాతమని చెప్పాను. తప్పన్నారు. నమూనా మళ్లీ మళ్లీ తీసి ప్రతిసారీ ఇంటర్వెల్ కడితే, వందలో సుమారు 95 ఇంటర్వెల్స్ అసలు విలువను పట్టుకుంటాయని ఓపిగ్గా చెప్పారు. ఆఫీసులో ఇదే పొరపాటు చాలామంది నోట వింటుంటాను.

లోటు ఎక్కడంటే, మా కాలేజీలో ఆర్ (R అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) ల్యాబ్ పేరుకే ఉండేది. ఉద్యోగంలో చేరాక నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. మూడో ఏడాదిలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ సగంలో మానేస్తే రెండు నెలలు క్లాసులే జరగలేదు.

ఈ గ్రూపులో చేరాలనుకునేవాళ్లు కాలేజీకి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి కాదు, ముందు ఈ రెండూ అడగండి: స్టాటిస్టిక్స్‌కి పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారా, ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలు నిజంగా జరుగుతాయి. వీలైతే సీనియర్ల రికార్డు పుస్తకం ఒకటి తీసుకుని చూడండి.