కార్తీకపు ఆకాశానికి 10×50 బైనాక్యులర్: ఏడాది వాడిన తరువాత

2024 కార్తీక మాసంలో కోఠిలోని ఒక దుకాణంలో కొన్న 10×50 బైనాక్యులర్‌ను ఏడాదికి పైగా వాడాను కనుక, హైదరాబాదులో మేడ మీద నుంచి ఆకాశం చూడాలనుకునేవారికి అది ఎంతవరకు పనికివస్తుందో రాస్తున్నాను. 10 అంటే పది రెట్లు దగ్గరగా చూపుతుందని, 50 అంటే ముందు లెన్సు వ్యాసం 50 మిల్లీమీటర్లని అర్థం. నక్షత్రాలకు ముఖ్యమైనది రెండవ అంకె. చీకటిలో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లకు మించి విచ్చుకోదు. ఈ లెన్సు దానికంటే దాదాపు యాభై రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది.

కాలం కూడా కలిసివచ్చింది. అక్టోబరు నడిమికి నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక, వానలు కడిగిన గాలిలో దుమ్ము తక్కువగా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే మాత్రం మూడు నాలుగు రాత్రులు మబ్బుల పాలవుతాయి. డిసెంబరులో చలి ముదిరాక చల్లని గాలి నేలను అంటిపెట్టుకుని, నగరపు పొగను పైకి పోనివ్వదు గనుక, అప్పుడు నడినెత్తిన ఉన్నవాటినే చూడటం మేలు.

మొదట చూడవలసింది కృత్తిక, మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపు. పున్నమినాడు చంద్రుడు దాని దగ్గర ఉంటాడు కాబట్టే ఈ మాసానికి కార్తీకమని పేరు వచ్చింది. అయితే ఆ వెన్నెలలో అది మసకబారుతుంది; ఒక వారం ఆగి, చంద్రుడు ఆలస్యంగా ఉదయించే రోజుల్లో చూడాలి. మా మేడ మీద వట్టి కంటికి నాలుగు చుక్కలే కనిపించేవి, బైనాక్యులర్‌లో ముప్పై దాకా లెక్కపెట్టాను. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గుంపు మొత్తం ఒకేసారి కంటికి ఆనడం టెలిస్కోపులో సాధారణంగా దొరకని భాగ్యం. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ నగరంలో చిన్న మసక మచ్చ మాత్రమే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి చూసినప్పుడు దాని కోలాకారం స్పష్టంగా తెలిసింది.

నేను కొన్న కొద్ది వారాలకే, డిసెంబరు 4 ఉదయం ఏడున్నర వేళ, ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాదులోనూ కొన్నిచోట్ల కదలిక తెలిసింది. ఆ రోజుల్లో గురుగ్రహం భూమికి బాగా దగ్గరగా ఉండటంతో, మా అపార్ట్‌మెంట్‌లోని ఒక పెద్దాయన "గ్రహాలు దగ్గరికి రావడం వల్లేనా బాబూ?" అని ఆందోళనగా అడిగారు. మబ్బు విడిచిన రాత్రి ఆయనను మేడ మీదికి తీసుకువెళ్లి, గురువును, దాని పక్కన సూదిమొనల్లాంటి ఉపగ్రహాలను చూపించాను. అంత దగ్గరలోనూ గురువు 60 కోట్ల కిలోమీటర్ల అవతలే ఉందని, భూమిని సాగదీసే విషయంలో దాని ప్రభావం చంద్రుని ప్రభావంలో లక్షో వంతు కూడా కాదని వివరించాను. గోదావరి లోయ వెంట భూమి లోపల పురాతనమైన పగుళ్లు ఉన్నాయి. వాటిలో పేరుకున్న ఒత్తిడి ఎప్పుడో ఒకప్పుడు సడలుతుంది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపమూ ఆ ప్రాంతానిదేనని చెప్పాక ఆయన మనసు కుదుటపడింది.

లోపాలు కూడా ఉన్నాయి. దాదాపు 900 గ్రాముల బరువు వల్ల రెండు నిమిషాలకే చేతులు వణుకుతాయి. పిట్టగోడకు మోచేతులు ఆనించకపోతే గురుని ఉపగ్రహాలు నిలకడగా కనిపించవు. ట్రైపాడ్‌కు బిగించే అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. అంచుల దగ్గర చుక్కలు తోకలు సాగినట్లుంటాయి. రాత్రి పది దాటాక మంచు పడి లెన్సు మసకబారితే రుమాలుతో తుడవకుండా దానంతట అది ఆరనివ్వాలి. పిల్లలుంటే పగలు దాచిపెట్టండి, దీనితో సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి.

దుకాణంలో మొదట ఇచ్చిన దానిలో దూరపు బోర్డు అక్షరాలు రెండేసిగా కనిపించాయి. లోపలి ప్రిజాలు పక్కకు జరిగితే అలా అవుతుంది. అడిగితే మార్చి ఇచ్చారు. కొనేముందు మీరు కూడా దుకాణం బయట నిలబడి, దూరంగా ఉన్న ఒక బోర్డును రెండు కళ్లతో చూసి మరీ తీసుకోండి.