స్టీవియా మొక్కతో నాలుగేళ్లు: టీకి సరే, పాకానికి పనికిరాదు

మామయ్యగారికి షుగర్ అని తెలిశాక అన్నం తగ్గించమంటే తగ్గించారు గానీ, తీపి లేని టీ మాత్రం ఆయన గొంతు దిగలేదు. ఆ ఏడాదే కనకాంబరం నారు కోసం కడియం నర్సరీలకు వెళ్లి, 'తీపి తులసి' అని అట్టముక్క మీద రాసిపెట్టిన స్టీవియా మొక్కలు రెండు తెచ్చాను. రాజమండ్రిలో మా డాబా మీద కుండీల్లో పెంచుతూ, రోజూ వాడుతూ నాలుగేళ్లయింది.

పేరుకే తులసి, నిజానికి ఇది చామంతి కుటుంబం. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతం. అక్కడి గ్వారానీ జనం తరతరాలుగా తమ పానీయాల్లో ఈ ఆకు వేసుకుంటున్నారు.

మన ఎండలకు మాడిపోతుందేమోనని భయపడ్డాను. పచ్చ నెట్ కట్టి రెండు పూటలా నీళ్లు పోస్తే మే నెల గట్టెక్కింది. రెండింటిలో ఒకదాన్ని చంపింది వాన. మొదటి ఏడాది వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదల్లేదు. ఐదో రోజు వాలిపోయిన మొక్కను పట్టుకుంటే మట్టిలోంచి అలాగే ఊడి చేతికొచ్చేసింది. వేర్లు నల్లగా కుళ్లి, మురుగు వాసన. చాలా బాధేసింది. అప్పట్నుంచి మట్టిలో మూడో వంతు ఇసుక కలుపుతున్నాను, ముసురు పట్టగానే కుండీలు వరండాలోకి దించేస్తాను.

ఇంకో సంగతి పూత. పొద్దు తగ్గేకొద్దీ, మాకైతే దసరా రోజుల నుంచి, కొమ్మల చివర తెల్లటి సన్న మొగ్గలు వస్తాయి. పూసిందంటే ఆకులో తీపి పడిపోతుంది. అందుకే రోజు విడిచి రోజు గోటితో గిల్లేస్తాను. గిల్లిన వేలు నాలుకకు తగిలినా తియ్యగా ఉంటుంది. పేనుబంక పడితే మాత్రం వేపనూనె కొట్టకండి. ఒకసారి కొట్టాను, పది రోజుల దాకా టీ అంతా వేప చేదే. గట్టిగా నీళ్ల ధార కొడితే పోతుంది.

గింజలు సరిగా మొలవవు. పూత రాని కొమ్మను బెత్తెడు కత్తిరించి, కింది ఆకులు తీసి, ఇసుకలో గుచ్చితే వేరు పోసుకుంటుంది. మూడో ఏడు వచ్చేసరికి మిగిలిన తల్లి మొక్క నీరసించింది. ఇప్పుడున్నవన్నీ దాని పిల్లలే.

ఇక టీ. మొదట్లో ఆకును డికాషన్‌తో పాటే మరిగించేదాన్ని. తీపి వెనకాలే చేదు, అతిమధురం నమిలినట్టు గొంతులో ఒక జిగట. మామయ్యగారు ఒక గుక్క తాగి, "కషాయం పెట్టావేంటమ్మా?" అన్నారు. ఇప్పుడు పొయ్యి కట్టేశాక ఐదారు పచ్చి ఆకులు నలిపి వేసి, రెండు నిమిషాలు మూతపెట్టి వడగడతాను. అల్లం పడితే ఆ వెనక రుచి చాలావరకు కప్పుకుపోతుంది. నిమ్మరసంలో ఇంకా బాగుంటుంది. ఆకులు ఎక్కువైతే ఎండబెట్టి, వేళ్ల మధ్య గలగలమన్నాక పొడి కొట్టి సీసాలో పోస్తాను. కప్పుకి పావు చెంచా దాటితే చేదే.

పిండివంటల ఆశ పెట్టుకోకండి. పాకానికి కావాల్సింది పంచదార, బెల్లం బరువు. చిటికెడు ఆకుతో అది రాదు. సేమ్యా పాయసం చేసి చూస్తే తీపి ఉంది గానీ, రంగు పచ్చగా మారి పలచగా నీళ్లలా ఉంది. సంక్రాంతి అరిసెలు మా ఇంట్లో బెల్లంతోనే, మామయ్యగారికి ఒక్కటే.

దీంతో షుగర్ తగ్గిందా అని అందరూ అడుగుతారు. ఇది మందు కాదు, ఆయన మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. రోజుకి మూడు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, ఆ ఆరు చెంచాలు మానేశాం, అంతే. 2015లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిచ్చింది స్టీవియాల్ గ్లైకోసైడ్‌కు, అంటే ఆకులోంచి తీసి శుద్ధి చేసిన తీపికి. ఇంట్లో కొట్టిన పొడీ అదీ ఒకటి కావు. అందుకే డాక్టరుగారికి చెప్పే వాడుతున్నాం. కొట్లో ప్యాకెట్ కొన్నా వెనక చదవండి, చాలావాటిలో ఎరిత్రిటాల్, డెక్స్‌ట్రోజ్ లాంటి వేరే తీపి పదార్థాలు కలిసి ఉంటాయి.

మొక్క కొనేముందు ఒక ఆకు నమిలి చూడండి. గింజతో పెంచినవి అన్నీ ఒకే తీపి ఉండవు. నేను తెచ్చిన రెండింటిలో ఒకటి తియ్యగా ఉండేది, రెండోది మొదట్నుంచీ చేదే.