ఒషోగ్బో పవిత్ర వనంలో గైడ్ సేవ: చూపించినదెంత, చెప్పనిదెంత

నైజీరియాలోని ఒషోగ్బో పట్టణం అంచున, ఒషున్ అనే నదీదేవత పేరుతోనే పిలిచే ఒషున్ నది ఒడ్డున ఉన్న 75 హెక్టార్ల పవిత్ర వనాన్ని లాగోస్ నుంచి వెళ్లి గైడ్‌తో చూసి వచ్చాను. ఆ ప్రాంతంలోని యోరుబా ప్రజల మతజీవితం ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలన్నదే నా ఉద్దేశం కనుక ఈ సేవను ఆ దృష్టితోనే తూచుతున్నాను.

శిల్పాల విషయంలో గైడ్‌కు వంక పెట్టలేము. 1950లో నైజీరియా చేరిన ఆస్ట్రియా కళాకారిణి సుజానే వెంగర్, తాపీపని చేసిన అదెబిసి అకాంజీ వంటి స్థానికులతో కలిసి, శిథిలమవుతున్న గుళ్లను సిమెంటుతో, ఇనుముతో తిరిగి నిలబెట్టిన తీరును ఆయన ఓపికగా వివరించారు. 2005లో ఈ వనం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నాచు పట్టిన ఆ ప్రహరీగోడ మీద చేయి వేసినప్పుడు, పూజ ఆగిపోబోయిన చోట అది మళ్లీ సాగడానికి ఎంత శ్రమ పట్టిందో నాకు అర్థమయింది.

నది మెట్ల దగ్గర ఒక స్త్రీ మోకరిల్లి ప్రార్థిస్తున్నారు. మీరూ ఒషున్ భక్తులేనా అని గైడ్‌ను అడిగితే, తండ్రి మసీదుకు, తల్లి చర్చికి వెళతారని, ఆగస్టు పండుగకు మాత్రం ఇంటిల్లిపాదీ ఇక్కడికే వస్తారని చెప్పారు. ‘అటావోజా’ అన్న బిరుదుతో పిలిచే, ముస్లిం అయిన ఒషోగ్బో రాజు ఆ పండుగకు పెద్దగా నిలబడడం కూడా ఈ కోవలోనిదే. ఆ ఒక్క జవాబు కోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చు.

అయితే గైడ్ చెప్పిన చరిత్ర ఇక్కడే ఆగిపోయింది. క్రైస్తవం కంటే ఎంతో ముందే ఇస్లాం యోరుబా దేశానికి చేరింది. అందుకే ముస్లిం మతపెద్దను పిలిచే ‘ఆలుఫా’ అన్న మాటే యోరుబా బైబిల్‌లో యాజకుడికీ వాడుకలోకి వచ్చింది, ప్రార్థనకు క్రైస్తవులు వాడే ‘అదురా’ కూడా అరబిక్ మూలం నుంచి వచ్చినదే. బానిసగా పట్టుబడి, విడుదలై, 1864లో బిషప్ అయిన శామ్యూల్ క్రౌథర్ చేపట్టిన బైబిల్ అనువాదంలో అపవాదికి, అంటే సాతానుకు, ‘ఏషు’ అన్న పేరు స్థిరపడింది. ఏషు యోరుబా దేవతలలో ఒకరు, నైవేద్యాన్ని పై లోకానికి చేర్చే దూత. మన తెలుగు బైబిల్‌లో సాతాను, అపవాది అన్న మాటలు ఏ గ్రామదేవత పేరునూ తాకలేదని తలచుకుంటే, ఆ ఒక్క మాట యోరుబా ఇళ్లలో ఎంత గాయం చేసి ఉంటుందో ఊహించవచ్చు. ఏషు గురించి నేను అడిగితే తప్ప గైడ్ నోరు విప్పలేదు.

ఒషోగ్బోకు దగ్గరలోనే ఉన్న ఇలేషాలో, రోడ్డు రోలర్ నడిపిన జోసెఫ్ అయో బబలోలా 1930లో ప్రార్థనతో, నీటితో రోగాలు నయం చేస్తారని వేలాది జనం తరలివచ్చారు. నీటికి శక్తి ఉందన్న పాత నమ్మకమే అక్కడ అలాదురా (ప్రార్థనతో స్వస్థత కోరే యోరుబా క్రైస్తవ ఉద్యమం) చర్చి రూపం తొడిగిందని నాకు అనిపిస్తుంది. నది ఒడ్డున నిలబడి ఈ సంగతి చెప్పకపోవడం పెద్ద లోటు.

మరొక ఇబ్బంది, నాకు ప్రయాణం కుదిర్చిన ఏజెంటు వనంలో గంటన్నర మాత్రమే కేటాయించడం. వెళ్లేవారు ముందు రోజే ఒషోగ్బో చేరుకుని, ఉదయం పూట పూర్తిగా వనానికి ఇచ్చి, ఇలేషాను కూడా కలుపుకోమని గైడ్‌ను ముందుగానే అడగాలి. ఎగువన సాగుతున్న బంగారు తవ్వకాల వల్ల నది కలుషితమైంది కాబట్టి, భక్తితో ఎవరు అందించినా ఆ నీరు తాగకండి.